కాళ్ళ బలం, వేళ్ళ నేర్పు: పెద్దల కదలికలను ఎలా అంచనా వేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఇంట్లోని పెద్దవారి నడక గురించి, చేతి పనితనం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం. వృద్ధుల పునరావాస చికిత్సలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టు ఈ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మా అమ్మగారి వయసు 72 సంవత్సరాలు. ఏడాది కాలంగా నడక బాగా నెమ్మదించింది. వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. ఇంతవరకు పడిపోలేదు. బంధువులందరూ "వయసు కదా" అంటున్నారు. ఆసుపత్రికి రమ్మంటే తనకేమీ లేదంటున్నారు. ఇంట్లోనే కొలిచి చూసుకోగల పరీక్షలేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వయసుతో పాటు నడక కొంత నెమ్మదించడం సహజమే గానీ, గోడ పట్టుకోవడం అంతకంటే వేరైన సంగతి. తన కాళ్ళ మీద తనకు నమ్మకం తగ్గినప్పుడే మనిషి చేయి ఊతం వెతుక్కుంటుంది. ఆ నమ్మకం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడం అవసరం కాబట్టి, బంధువుల మాటతో ఊరుకోకుండా కొలిచి చూడాలని మీరు అనుకోవడం మంచి నిర్ణయం.

నడవడం, లేవడం, మెట్లెక్కడం, నిలదొక్కుకోవడం వంటి పెద్ద కండరాల పనులను స్థూల చాలక నైపుణ్యాలని, బొత్తాం పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం వంటి వేళ్ళ పనులను సూక్ష్మ చాలక నైపుణ్యాలని అంటారు. మొదటివాటిని అంచనా వేయడానికి ఎక్కువగా వాడే పరీక్ష చాలా సులభమైనది. దాని పేరు టైమ్‌డ్ అప్ అండ్ గో. 1991లో కెనడాకు చెందిన పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు దానిని ఇప్పుడున్న రూపంలో ప్రచురించారు. చేతులున్న కుర్చీలో అమ్మగారిని కూర్చోబెట్టి, అక్కడినుంచి 3 మీటర్ల దూరంలో నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. మీరు చెప్పగానే ఆమె లేచి, రోజూ నడిచే వేగంతోనే గీత దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవాలి. మీరు చెప్పిన క్షణం నుంచి ఆమె కూర్చునేవరకు పట్టిన సమయాన్ని ఫోనులోని స్టాప్‌వాచ్‌తో చూడండి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్లు భావించాలని అమెరికాలోని సీడీసీ సంస్థ వైద్యులకు సూచిస్తోంది.

మన ఇళ్ళలో ఈ పరీక్ష చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక్కి జారిపోకుండా దాని వీపును గోడకు ఆనించాలి. చీర కుచ్చిళ్ళు పాదాలకు అడ్డం పడకుండా కాస్త పైకి కట్టుకోమనాలి. హవాయి చెప్పులు వద్దు. కళ్ళద్దాలు వాడేవారైతే పెట్టుకునే నడవాలి. రోజూ చేతికర్ర వాడేవారైతే దానితోనే నడవాలి. మీరు ఆమెకు ఒక అడుగు వెనకగా, పక్కగా నడుస్తూ, తూలితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తల తిరుగుతోందని చెప్పిన రోజున, జ్వరంగా ఉన్న రోజున ఈ పరీక్ష చేయకండి.

సెకన్ల లెక్క కంటే కూడా ఆ కాస్త నడకలో కంటికి కనిపించేవి నాకు ఎక్కువ విషయాలు చెబుతాయి. కుర్చీలోంచి మొదటి ప్రయత్నంలోనే లేచారా, లేక రెండు మూడుసార్లు ముందుకు ఊగి లేచారా? లేచిన వెంటనే అడుగు పడిందా, లేక పాదాలు నేలకు అంటుకుపోయినట్లు కొద్దిసేపు ఆగిపోయారా? రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా? గీత దగ్గర రెండు మూడు అడుగుల్లో తిరిగారా, లేక చిన్న చిన్న అడుగులు చాలా వేస్తూ తిరిగారా? చివరికి కుర్చీలో మెల్లగా కూర్చున్నారా, లేక కూలబడ్డారా? కూలబడడం, చేతులతో నొక్కి లేవడం తొడ కండరాల బలహీనతను సూచిస్తాయి. ఒక చేయి ఊగకపోవడం, పాదాలు అంటుకుపోవడం, తిరిగేటప్పుడు తడబడడం పార్కిన్సన్స్ వంటి నాడీ సంబంధ వ్యాధులలో కనిపించవచ్చు. ఎవరినైనా అడిగి ఈ నడకను వీడియో తీయించుకుంటే తర్వాత వైద్యునికి చూపించడానికి ఉపయోగపడుతుంది.

తొడల బలాన్ని విడిగా చూడాలనుకుంటే, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టవచ్చు. 70 నుంచి 74 ఏళ్ళ స్త్రీలకు అది 10 కంటే తగ్గితే ఆ వయసువారి సగటు కంటే తక్కువగా ఉన్నట్లు లెక్క. నిలకడను చూడాలంటే, ఒక పాదం మడమను రెండో పాదం బొటనవేలికి ఆనించి 10 సెకన్లు నిలబడగలరేమో చూస్తారు. ఈ చివరి పరీక్షలో పెద్దవారు తూలిపోవడం సర్వసాధారణం కాబట్టి, గది మూలలో, ఎదురుగా బరువైన బల్లను పెట్టుకుని మాత్రమే ప్రయత్నించండి.

ఇంకొక చిన్న పని కూడా చేయండి. ఇంట్లో బీపీ యంత్రం ఉంటే, అమ్మగారు కనీసం ఐదు నిమిషాలు పడుకున్న తర్వాత ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపు మరొకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, గోడ పట్టుకోవడానికి కారణం కాళ్ళలో కాకుండా రక్తపోటులో, లేదా దానికి వాడుతున్న మందులో ఉండవచ్చు. తల తిరుగుడుకు నెలల తరబడి సిన్నరిజైన్ వంటి మాత్రలు వేసుకుంటున్నవారిలో ఆ మందు వల్లనే అడుగులు చిన్నవై, శరీరం బిగుసుకుపోయి, పార్కిన్సన్స్ లక్షణాలు కనిపించడం నేను పలుమార్లు చూశాను. ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. జాబితా రాసి వైద్యునికి చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు, 76 ఏళ్ళు. పాత సంతకంతో కలవడం లేదని బ్యాంకులో రెండుసార్లు చెక్కు వెనక్కి ఇచ్చారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతోంది. అన్నం కలిపి నోట్లో పెట్టుకునేలోపు మెతుకులు జారిపోతున్నాయి. చేతులు మొద్దుబారినట్లున్నాయని అంటున్నారు. ఈమధ్య నడిచేటప్పుడు కాళ్ళు బిగుసుకుంటున్నాయి కూడా. చేతి పనితనాన్ని ఎలా పరీక్షిస్తారు? మేము ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం చివరగా, మాటవరసకు రాసినట్లుగా ఉంది. చేతులు మొద్దుబారడం, కాళ్ళు బిగుసుకోవడం అనే రెండూ ఒకే మనిషిలో ఒకే కాలంలో మొదలైతే వాటిని రెండు వేరు వేరు సమస్యలుగా చూడకూడదు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది. మెడనొప్పి ఉండి తీరాలని లేదు. చాలామందిలో అది లేకపోవడం వల్లనే నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు గడిచిపోతాయి. చేతుల తిమ్మిరిని షుగరు ఖాతాలో, నడకను మోకాళ్ళ ఖాతాలో వేసి ఇంట్లోవారు ఊరుకుంటారు. అందువల్ల జవాబు మొదట్లోనే చెబుతున్నాను: నాన్నగారిని ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు గానీ, వెన్నెముక శస్త్రవైద్యునికి గానీ చూపించండి. వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నట్లు తేలితే, ఎంత ఆలస్యమైతే కోలుకునే అవకాశం అంత తగ్గుతుంది. మలమూత్రాల మీద అదుపు తప్పుతున్నట్లు అనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి.

వెళ్ళేలోపు మీరు చూడగలిగే పరీక్ష ఒకటి ఉంది. అరచేయి నేలవైపు ఉండేలా చేయి చాపి, పిడికిలి గట్టిగా బిగించడం, మళ్ళీ వేళ్ళన్నిటినీ పూర్తిగా చాపడం వీలైనంత వేగంగా చేయమనండి. 10 సెకన్లలో 20 సార్ల కంటే తక్కువ అయితే వైద్యులు దానిని గమనించదగిన సంగతిగా తీసుకుంటారు. వయసు పైబడినవారిలో ఈ సంఖ్య సహజంగానే కొంత తగ్గుతుంది కాబట్టి అంకె ఒక్కదానినే పట్టుకోకుండా, వేళ్ళు పూర్తిగా విచ్చుకుంటున్నాయా, చాపి ఉంచినప్పుడు చిటికెన వేలు తనంతట తానే పక్కకు జరిగిపోతోందా అని కూడా చూడండి.

ఇక చేతి పనితనాన్ని మేము ఎలా అంచనా వేస్తామో చెబుతాను. రోజువారీ పనులు తామే చేసుకునేలా శిక్షణనిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎక్కువగా వాడేది తొమ్మిది రంధ్రాల పలక. చిన్న పుల్లలను ఒక్కొక్కటిగా తీసి రంధ్రాలలో గుచ్చి, మళ్ళీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వేయాలి. ఒక్కో చేతికి విడివిడిగా సమయం చూస్తారు. డెబ్బై దాటిన ఆరోగ్యవంతులకు ఇది సుమారు 22 నుంచి 26 సెకన్ల పని. పిడికిలి బలాన్ని డైనమోమీటరు అనే పరికరంతో, మోచేయి 90 డిగ్రీలు వంచి, కిలోలలో కొలుస్తారు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సవరించిన ప్రమాణాల ప్రకారం పురుషులలో 28 కిలోల కంటే, స్త్రీలలో 18 కిలోల కంటే తక్కువ ఉంటే పట్టు బలహీనపడినట్లు. మన దేశంలో 2017-18లో 45 ఏళ్ళు దాటినవారిపై జరిపిన లాసి అధ్యయనంలో ఇంటింటికీ వెళ్ళి ఈ పట్టునూ, నడక వేగాన్నీ, నిలకడనూ కొలిచారు. పెద్ద ఆసుపత్రుల్లో మాత్రమే సాధ్యమయ్యే కొలతలు కావివి.

1969 నుంచి వాడుకలో ఉన్న జెబ్సన్-టేలర్ పరీక్షలో రాయడం, కార్డులు తిప్పడం, చిన్న వస్తువులు ఏరడం, చెంచాతో తింటున్నట్లు చేయడం వంటి ఏడు పనులు ఉంటాయి. మంచి పరీక్షే గానీ, జీవితమంతా చేత్తో అన్నం కలుపుకుని తిన్న మనిషికి చెంచాతో గింజలు ఎత్తే పనిలో వచ్చిన సమయం అతని చేతి గురించి ఎంతవరకు నిజం చెబుతుందో నాకు సందేహం. అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి నోటికందించడంలో ఐదు వేళ్ళూ, మణికట్టూ, మోచేయీ కలిసి పనిచేయాలి. ముద్ద గట్టిగా కట్టడానికి ఎంత నొక్కాలో వేలికొసలకు స్పర్శ తెలియాలి. అందుకే, పరికరాల కొలతలు తీసుకున్న తర్వాత కూడా నేను ఇంటివారిని తప్పనిసరిగా అడిగేవి ఇవి: ముద్ద జారుతోందా, మాత్రల పట్టీలోంచి మాత్ర తానే తీసుకోగలరా, తాళంచెవి తిప్పగలరా, చిల్లర జేబులోంచి చూడకుండా ఏరి తీయగలరా. చూడకుండా అనే మాట ముఖ్యం. చూస్తూ తీయగలిగి, చూడకుండా తీయలేకపోతే లోపం బలంలో కాక స్పర్శలో ఉందని అర్థం చేసుకోవచ్చు. షుగరు వల్ల, బీ12 విటమిన్ లోపం వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందును చాలా ఏళ్ళుగా వాడుతున్నవారిలో బీ12 తగ్గవచ్చు కనుక ఆ రక్తపరీక్ష చేయించడం మంచిది.

సంతకం విషయంలో పాత పాసుపుస్తకాలు, ఉత్తరాలు మీకు చాలా సహాయపడతాయి. నాన్నగారు ఉపాధ్యాయులు కాబట్టి ఆయన చేతిరాత నమూనాలు మీ ఇంట్లో దొరకకపోవు. ఐదేళ్ళ కిందటి రాతను, ఇప్పటి రాతను పక్కపక్కన పెట్టండి. వాక్యం సాగేకొద్దీ అక్షరాలు చిన్నవై కుంచించుకుపోతుంటే పార్కిన్సన్స్‌ను అనుమానించాలి. అక్షరాలు పెద్దవిగానే ఉండి గీతలు వణుకుతుంటే, ముఖ్యంగా గ్లాసు ఎత్తినప్పుడు కూడా చేయి వణుకుతుంటే, అది వేరే రకమైన వణుకు కావచ్చు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళలో రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్రలేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. నమూనాలను వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళండి. బ్యాంకులో కొత్త సంతకం నమూనాను గానీ, వేలిముద్రతో లావాదేవీని గానీ నమోదు చేయించుకోవచ్చునేమో ముందుగానే విచారించండి. సంతకం కలవలేదని పదిమందిలో అనిపించుకోవడం పాతికేళ్ళు పిల్లలకు చేతిరాత దిద్దించిన మనిషికి ఎంత బాధగా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. చేతులు ఆనించకుండా నేలమీద కూర్చుని లేవలేనివారు త్వరగా చనిపోతారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నేను చేయి ఆనించకుండా లేవలేను. అప్పటినుంచి దిగులుగా ఉంది. ఇది నిజమేనా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అలాంటి అధ్యయనం జరిగిన మాట నిజం, వీడియో చెప్పిన తీరు సరైనది కాదు. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2002 మందిని నేలమీద కూర్చుని లేవమని, చేయి గానీ మోకాలు గానీ ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు తగ్గిస్తూ, మొత్తం 10 మార్కులకు లెక్కగట్టారు. తక్కువ మార్కులు వచ్చినవారిలో తర్వాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా కనిపించాయని 2012లో ప్రచురించారు. అయితే ఒక గుంపులో కనిపించిన సంబంధం ఒక మనిషి ఆయుష్షును లెక్కగట్టే జాతకం కాదు. మోకాళ్ళు అరిగినవారు, తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవారు, స్థూలకాయులు కూడా ఈ పరీక్షలో తక్కువ మార్కులే తెచ్చుకుంటారు.

నేలమీద కూర్చుని భోజనం చేసే అలవాటు, పూజ దగ్గర పీట మీద కూర్చునే అలవాటు ఉన్న మనకు ఈ కదలిక నిత్యజీవితంలో భాగం కాబట్టి, దానిని దిగులుతో కాకుండా సాధనతో చూడండి. ఒక చేయి ఆనించి లేవగలుగుతున్నారంటే మీకు మంచి పునాది ఉన్నట్లే. గట్టి మంచం పక్కన కూర్చుని, మంచం పట్టీ ఊతంగా రోజూ నాలుగైదు సార్లు లేవండి. మోకాలి నొప్పి పెరిగితే ఎత్తు పీట మీదినుంచి మొదలుపెట్టండి. మోకాలి మార్పిడి జరిగి ఉంటే మాత్రం మీ శస్త్రవైద్యుణ్ణి అడగకుండా ఈ సాధన చేయకండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మానాన్నలు రాజమహేంద్రవరంలో ఇద్దరే ఉంటారు. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడతాను. బాగున్నామనే అంటారు. గత సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ ముగ్గు వేయడం మానేసిందని తెలిసి ఉలిక్కిపడ్డాను. దూరం నుంచి ఏం గమనించగలను?
- ఒక పాఠకురాలు

జవాబు: ముగ్గు మానేయడాన్ని గమనించడమే చాలా పెద్ద అంచనా. వంగి నిలబడడం, వంగినచోటే అడుగులు మార్చడం, పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నగా వదలడం, చుక్కల లెక్క గుర్తుంచుకోవడం అన్నీ ఒక్క పనిలో ఉన్నాయి. ఏ పరికరమూ ఇన్నిటిని ఒకేసారి పరీక్షించదు. అయితే ఆమె ఎందుకు మానేశారో తెలియాలి. నడుము వంగనందుకా, తూలుతారన్న భయంతోనా, వేళ్ళలోంచి పిండి సరిగా రాలనందుకా, చుక్కలు కనిపించనందుకా? ఒక్కో జవాబు మిమ్మల్ని ఒక్కో వైద్యుని దగ్గరికి తీసుకువెళుతుంది.

"బాగున్నారా?" అని అడిగితే తల్లిదండ్రులు బాగున్నామనే అంటారు, బిడ్డను దూరంలో దిగులుపెట్టడం వారికి ఇష్టం ఉండదు. దానికి బదులు పనుల గురించి అడగండి. పప్పులో రాళ్ళు ఎవరు ఏరుతున్నారు, దీపానికి వత్తులు ఇంట్లోనే చేస్తున్నారా, కొంటున్నారా, పూలు కట్టినవే తెప్పిస్తున్నారా, మేడ మీదికి బట్టలు ఆరేయడానికి ఎవరు వెళుతున్నారు అన్నవి మాటల మధ్యలో రావాలి. ఒకరు మానేసిన పని రెండోవారు మౌనంగా అందుకుంటుంటారు కనుక ఇద్దరినీ విడివిడిగా అడగడం అవసరం. వీడియో కాల్‌లో ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. ఫోనును బల్లమీద నిలబెట్టమని, నాన్నగారిని లేచి వెళ్ళి ఫలానా ఫొటో తెచ్చి చూపించమని అడిగితే, లేవడం, నడవడం, తిరగడం, వస్తువు పట్టుకోవడం అన్నీ మీ కంటపడతాయి. నెలకోసారి ఇలా చూసి తేదీతో రాసుకోండి. పోల్చవలసింది అమ్మను అదే వయసున్న పక్కింటావిడతో కాదు, ఆరునెలల కిందటి అమ్మతోనే.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో చిన్న ఊరు. మా మామగారికి 79 ఏళ్ళు. రెండుసార్లు పడ్డారు. మా మండలంలో ఫిజియోథెరపిస్టు లేరు. ఇంట్లో నడిపించి చూడబోతే "నన్ను పరీక్ష పెడుతున్నారా?" అని కోప్పడతారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆయన కోపంలో న్యాయం ఉందమ్మా. కుటుంబాన్ని నడిపిన మనిషిని కోడలు, కొడుకు, మనవలు చుట్టూ నిలబడి నడిపించి చూస్తే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది. స్టాప్‌వాచ్ పక్కన పెట్టేయండి. రెండుసార్లు పడ్డవారికి ఇంట్లో పరీక్ష అవసరం లేదు, ఆ పడడమే చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా, ఏ చెప్పులతో పడ్డారో, పడేముందు కళ్ళు తిరిగాయో లేదో, పడ్డాక తానే లేవగలిగారో లేదో ఆయన నోటితోనే చెప్పించుకుని రాసుకోండి. రాత్రి మూత్రానికి లేచినప్పుడే రెండుసార్లూ పడి ఉంటే దారిలో దీపం, మంచం పక్కన గట్టి ఊతం ఈ రోజే ఏర్పాటు చేయండి.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులలో వయోవృద్ధుల విభాగాన్ని, ఫిజియోథెరపీ సేవలను ఏర్పాటు చేస్తున్నారు. జిల్లా కేంద్రానికి ప్రయాణం పెట్టుకునే ముందు, వయోవృద్ధుల కోసం ఉన్న 14567 నంబరుకు ఫోను చేస్తే సమాచారం చెబుతారు. అక్కడ తెలియని మనిషి, తెల్లకోటు వేసుకున్న మనిషి నడవమంటే మామగారు కాదనకపోవచ్చు. వెళ్ళేటప్పుడు మీరు రాసుకున్న కాగితాన్ని, వాడుతున్న మాత్రల పట్టీలన్నిటినీ, కళ్ళద్దాలను, చేతికర్రను తీసుకువెళ్ళండి. కొత్త చెప్పులు వేయకుండా, ఇంట్లో రోజూ తొడుక్కునే ఆ పాత చెప్పులతోనే ఆయనను రమ్మనండి.